మొదట పంపింది ఎవరు? వాట్సాప్‌ని ప్రభుత్వం అడుగుతున్న ప్రశ్న

[స్క్రీన్‌పై: ఫ్యామిలీ గ్రూపులో తిరుగుతున్న ఓ ఫార్వర్డ్]

ఈ మెసేజ్ మీకు బాబాయి పంపారు. ఆయనకి ఆఫీసు ఫ్రెండు, అతనికి ఇంకెవరో. అసలు పుట్టించింది ఎవరు? తీవ్రమైన కేసుల్లో ఆర్డర్ వస్తే ఆ పేరు చెప్పాల్సిందే అంటోంది, 2021 ఫిబ్రవరిలో కేంద్రం తెచ్చిన ఐటీ రూల్స్‌లోని 4(2). ఆ మే నెలలోనే వాట్సాప్ ఢిల్లీ హైకోర్టుకెక్కింది. ఎన్‌క్రిప్షన్, అంటే పంపినవాళ్లు, అందుకున్నవాళ్లు తప్ప ఇంకెవరూ చదవకుండా మెసేజ్‌కి వేసే తాళం, పగలగొట్టమంటే ఇండియా నుంచి వెళ్లిపోతామని 2024 ఏప్రిల్‌లో దాని లాయరు తేల్చి చెప్పారు.

పోలీసుల బాధ తీసిపారేసేది కాదు. 2018 జూలై 1న మహారాష్ట్రలోని ధూలే జిల్లా రైన్‌పాడాలో, పిల్లల్ని ఎత్తుకెళ్లేవాళ్లన్న పుకారు నమ్మి జనం ఐదుగుర్ని కొట్టి చంపేశారు.

[యానిమేషన్: రెండు ఫోన్లు, మధ్యలో సర్వర్]

చిక్కేంటంటే, ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్‌లో తాళంచెవులు ఈ రెండు ఫోన్లలోనే ఉంటాయి. మెసేజ్‌లో ఏముందో సర్వర్‌కి తెలీదు. రేపు దేనిమీద కేసు పడుతుందో ఇవాళ చెప్పలేం కాబట్టి, అందరి మెసేజ్‌లకీ ఇప్పట్నుంచే గుర్తు వేసి ఉంచాలి. దొంగ ఒక్కడు, వేలిముద్రలు ఊరందరివీ! పైగా విదేశాల్లో పుట్టిన మెసేజ్ అయితే, ఇండియాలో మొదట పంపినవాళ్లనే మూలంగా లెక్కేస్తారు. డల్లాస్ అన్నయ్య పంపింది మీరు ముందుగా ఫార్వర్డ్ చేశారా, ఆ పేరు మీదే.

మెసేజ్‌లో ఏముందో అడగం, పేరు చాలంటుంది రూల్. ఆ మెసేజ్ చేతిలో పట్టుకునే కదా పేరు అడిగేది!

నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టేది వేరే. ఆర్డర్‌కి జడ్జే అక్కర్లేదు. ఐటీ చట్టం 69వ సెక్షన్ కింద హోంశాఖ కార్యదర్శి సంతకం సరిపోతుంది. 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది జడ్జీలు ప్రైవసీ ప్రాథమిక హక్కన్నాక కూడా ఇంతేనా?

అలాగని పోలీసుల చేతులేం కట్టేసి లేవు. ఫోన్ దొరికితే చాట్ దొరుకుతుంది. అకౌంట్ వివరాలు కంపెనీలు చట్టప్రకారం ఇస్తూనే ఉన్నాయి. 2018లో ఇవే పుకార్లు మన గద్వాల వైపు వచ్చినప్పుడు, అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి పోలీసుల్ని ఊళ్లలోకి పంపి, పాటలు పాడించి జనానికి నచ్చజెప్పారు.

పిల్లలపై లైంగిక దాడుల వీడియోలు తిప్పేవాళ్ల దగ్గర పాటలు పనిచేయవు, నిజమే. అక్కడ పోలీసులే మారుపేరుతో గ్రూపుల్లోకి దూరాలి, ఫిర్యాదు చేసినవాళ్ల ఫోన్లోంచి ఆధారం తీసుకోవాలి. దానికి శిక్షణ ఉన్న సిబ్బంది కావాలి, టైమ్ పడుతుంది. ప్రభుత్వం ముందు ఖర్చు పెట్టాల్సింది అక్కడ.