పెట్టెలో వెండి నాణేలు: వెల కట్టేముందు చదవాలి

అందరికీ నమస్కారం.

ఇక్కడికి వచ్చిన మీలో చాలామంది దగ్గర ఏదో ఒక డబ్బా ఉంది. నాన్నగారిదో, తాతగారిదో, మేనత్తదో. మూత తీశారు, నల్లబడిన వెండి నాణేలు కనిపించాయి. వెంటనే మనసులో ఒకటే ప్రశ్న: వీటికి ఎంత వస్తుంది? అలా అడగడంలో తప్పేమీ లేదు. కాకపోతే జవాబు చెప్పగల ఆధారాలు ఆ డబ్బాలోనే ఉంటాయి, వాటిని మొదటి వారంలో మన చేతులతో మనమే చెరిపేస్తాం. అందుకే ఈరోజు ఆ మొదటి వారం గురించే ఎక్కువసేపు మాట్లాడతాను.

మా తాతగారి నాణేలు నా చేతికి వచ్చేనాటికి నాకు 22 ఏళ్లు. ఒక్కో నాణేన్ని చిన్న కాగితంలో చుట్టి, పైన పెన్సిల్‌తో ఏదో రాసి పెట్టుకున్నారాయన. నేను ఆ కాగితాలన్నీ విప్పి పారేశాను. నాణేలను ఒకే గిన్నెలో పోసి, పాలిష్ పేస్టు పెట్టి తళతళలాడేదాకా తోమాను. ఆయనకు సేవ చేస్తున్నాననే అనుకున్నాను. డబ్బా అడుగున ఒక్క కాగితం మాత్రం మిగిలిపోయింది. దాని మీద ఒక సంవత్సరం, కొన్న ధర, పక్కన ‘జత’ అనే మాట ఉన్నాయి. ఆ జత ఏ రెండు నాణేలదో తెలుసుకునే దారి ఇక నాకు లేదు. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ కాగితం చూస్తే బాధేస్తుంది.

కాబట్టి డబ్బా తెరవగానే ఏదీ కదపకుండా ఫోటో తీయండి. కవర్లు, చీటీలు, పాత రసీదులు, నోటుబుక్కు ఏదున్నా నాణెంతో పాటే ఉంచండి. ప్రతి కవరుకూ ఒక నంబరు వేసి, అదే నంబరుతో ఒక పుస్తకంలో రాసుకోండి. కూడబెట్టిన మనిషి వాటిని ఏ వరుసలో పెట్టారో అది కూడా సమాచారమే. ఒక నాణేన్ని మిగతావాటికి దూరంగా, మెత్తటి గుడ్డలో విడిగా దాచారంటే దానికి కారణం ఉండి ఉంటుంది.

ఇక ఆ నలుపు సంగతి. గాలిలోని గంధకపు వాయువులు వెండితో కలిస్తే పైన సిల్వర్ సల్ఫైడ్ పొర ఏర్పడుతుంది. అది మురికి కాదు, లోహం పైపొరే అలా మారింది. పాలిష్ చేశామంటే ఆ పొరతో పాటు కొంత వెండినీ గీకేసినట్టే. టంకశాలలో అచ్చు గుద్దినప్పుడు ఆ ఒత్తిడికి లోహం పారి, కంటికి కనపడనంత సన్నని గీతలు పడతాయి. వాడని నాణేన్ని దీపం కింద తిప్పితే చక్రంలా తిరిగే మెరుపు వాటివల్లే వస్తుంది. తోమితే ఆ గీతలు పోతాయి, మళ్లీ రావు. తర్వాత వచ్చే తళతళ వేరే రకం మెరుపు, అలవాటున్న కన్ను దాన్ని వెంటనే పట్టేస్తుంది. వంటసోడా కూడా వద్దు, అదీ గరుకే. ఒక్క మినహాయింపు చెప్తాను. పీవీసీ ప్లాస్టిక్ కవర్లలో చాలా కాలం ఉన్న నాణేల మీద ఆకుపచ్చటి జిగురు పడుతుంది, అలా వదిలేస్తే అది లోహాన్ని తింటుంది. దాన్ని స్వచ్ఛమైన అసిటోన్‌లో ముంచి తీయొచ్చు. మంటకు దూరంగా, గాలి ఆడే చోట, రుద్దకుండా చేయాలి. గోళ్ల రంగు తీసే ద్రవం దీనికి పనికిరాదు, అందులో వేరే పదార్థాలు కలుపుతారు.

ఇప్పుడు వేరు చేయడం. ముందు దేశం, తర్వాత సంవత్సరం. సంవత్సరం ఎందుకంటే, చూడ్డానికి ఒకేలా ఉన్న నాణేల్లో వెండి పాలు మధ్యలో మారిపోయింది. బ్రిటిష్ ఇండియా రూపాయి బరువు 11.66 గ్రాములు, అంటే సరిగ్గా పాత లెక్క తులం. 1835 నుంచి చాలా కాలం అందులో 12 పాళ్లలో 11 పాళ్లు వెండి. 1940లో దాన్ని సగానికి దించారు, మిగతాది రాగి, నికెల్, జింకు. 1946 నుంచి వెండే లేదు, అంతా నికెల్. బ్రిటన్ తన నాణేల్లో 92.5 శాతం ఉన్న వెండిని 1920లో 50కి తగ్గించింది, 1947లో పూర్తిగా మానేసింది. అమెరికాలో డైములు (10 సెంట్ల నాణేలు), క్వార్టర్లు (25 సెంట్లవి) 1964 వరకు 90 శాతం వెండి.

ఇది ఎక్కడ దెబ్బ కొడుతుందంటే పంపకాల్లో. 40 రూపాయి నాణేలున్నాయి, అన్నకు 20, చెల్లెలికి 20 అని లెక్కపెట్టి ఇచ్చారనుకుందాం. అన్నకు 1919 నాటివి, చెల్లెలికి 1942 నాటివి వెళ్లాయి. అరుగుదల పక్కన పెడితే ఒకరికి దాదాపు 214 గ్రాముల స్వచ్ఛమైన వెండి, ఇంకొకరికి 117 గ్రాములు. ఎవరూ మోసం చేయలేదు. అయినా నిజం తెలిసిన రోజున ఇద్దరి మధ్యా మాట పడుతుంది. దయచేసి జాబితా పూర్తయ్యేదాకా పంచుకోకండి.

లోహపు విలువ లెక్క సులువు. నాణేన్ని కాటా మీద పెట్టి, అసలు బరువును వెండి పాలుతో హెచ్చించండి. అరిగిన రూపాయి 11.5 గ్రాములు తూగితే, దాన్ని 0.917తో హెచ్చిస్తే 10.5 గ్రాములకు కాస్త పైన. దాన్ని ఆరోజు వెండి ధరతో గుణించండి. అసలు నాణెమైతే అమ్మేటప్పుడు అంతకన్నా బాగా కిందికి దిగాల్సిన అవసరం లేదు.

అంతకుపైన వచ్చేదే సేకరణ విలువ. ఇక్కడ వయసు చూసి మోసపోకండి. ఆస్ట్రియాను ఏలిన మరియా థెరిసా బొమ్మతో ‘థేలర్’ అనే వెండి నాణెం ఉంది. దాని మీద 1780 అని ఉంటుంది, ఆమె ఆ ఏడాదే చనిపోయారు. అయినా అదే తేదీతో ఆ తర్వాత ఎన్నో టంకశాలలు దాన్ని గుద్దుతూనే వచ్చాయి. మరోవైపు అమెరికా మోర్గాన్ డాలర్ చూడండి. ఫిలడెల్ఫియాలో 1921లో 4 కోట్లకు పైగా గుద్దారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో 1893లో లక్ష మాత్రమే. అదే బొమ్మ, అదే వెండి. తేదీ కాక తేడా అల్లా బొరుసు వైపు పుష్పహారం కింద ఉన్న చిన్న ‘ఎస్’ అక్షరం. భూతద్దం కొనండి.

ఎన్ని గుద్దారన్న లెక్క కూడా పూర్తి కథ చెప్పదు. 1918లో వచ్చిన ఒక చట్టం కింద అమెరికా 27 కోట్లకు పైగా వెండి డాలర్లను కరిగించింది. అందులో ఎక్కువ భాగం వెండి భారతదేశంలో రూపాయిల కొరత తీర్చడానికి బ్రిటన్‌కు అమ్మారు. ఇది చదివిన రోజు నేను మా తాతగారి 1919 రూపాయిని చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. అందులో ఒక డాలర్ కరిగి ఉండొచ్చు.

అరుదైన నాణెం ఉందంటే నకిలీ కూడా ఉంటుంది. 1939 రూపాయి అరుదు, అందుకే 1938 నాణెం చివరి అంకెను మార్చి అమ్ముతారు. అయస్కాంతానికి అతుక్కుంటే అది వెండి కాదు. అతుక్కోకపోతే మాత్రం ఏమీ రుజువు కాదు, రాగి, సీసం కూడా అతుక్కోవు. మోగుతుందేమోనని బల్ల మీద పడేసి చూడకండి, అంచు సొట్టపోతుంది. కాటా మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నా చేసి, నాణేన్ని దారంతో కట్టి, గ్లాసుకు తగలకుండా నీళ్లలో ముంచండి. కాటా చూపించే అంకెతో నాణెం బరువును భాగించండి. 1940కి ముందటి రూపాయికి 10.3 దగ్గర రావాలి. 9 దగ్గర వస్తే అనుమానించండి. హారంలో వేసుకోవడానికి కొక్కెం మాటు పెట్టిన నాణేలకు ఈ పరీక్ష సరిగా పనిచేయదు. వాటి ధర కూడా దాదాపు లోహం ధరే.

ధర కోసం వెతికేటప్పుడు అమ్మేవాళ్లు అడుగుతున్న రేటు చూడొద్దు, వేలంలో నిజంగా అమ్ముడైన ధర చూడండి, అదీ మీ నాణెం అంత అరిగిన నాణేనికి. వెల చెప్పే మనిషే కొనే మనిషి అయితే ఇంకొకరిని కూడా అడగండి. మొత్తం కలిపి ఇంత అంటే ఒప్పుకోకండి, మీ జాబితాలోని నంబర్ల ప్రకారం విడివిడిగా చెప్పమనండి.

కాటా, భూతద్దం, నీళ్ల గ్లాసు ఆ బల్ల మీద ఉన్నాయి. డబ్బాలు తెచ్చుకున్నవాళ్లు ఒక్కొక్కరుగా రండి. చీటీలు విప్పకండి, ముందు ఫోటో తీద్దాం. నాణేన్ని అంచులతోనే పట్టుకోండి.