దిగులు జబ్బులో భాగమైనప్పుడు

శ్రోతలకు నమస్కారం.

1872లో జార్జ్ హంటింగ్టన్ అనే అమెరికన్ వైద్యుడు, కొన్ని కుటుంబాల్లో తరతరాలుగా వస్తున్న ఒక వ్యాధిని వర్ణిస్తూ, కాళ్లూ చేతులూ అదుపు లేకుండా కదలడంతో పాటు మతి చలించడాన్నీ, ఆత్మహత్య వైపు మొగ్గడాన్నీ దాని లక్షణాలుగానే పేర్కొన్నారు. ఆ పరిశీలన ఎంత నిశితమైనదో ఇప్పుడు మరింత బాగా అర్థమవుతోంది. హంటింగ్టన్ వ్యాధికి మూలమైన జన్యువును 1993లో గుర్తించారు. తల్లిదండ్రుల్లో ఒకరికి ఆ జన్యువులో లోపం ఉంటే, ప్రతి బిడ్డకూ అది సంక్రమించే అవకాశం 50 శాతం.

ఇంత పెద్ద జబ్బు వస్తే మనిషి దిగులుపడడా అని చాలామంది అంటారు. ఆ మాటలో కొంత నిజముంది, కానీ అదే పూర్తి కారణం కాదు. హంటింగ్టన్‌లోనూ, చేతులు వణుకుతూ కదలికలు నెమ్మదించే పార్కిన్సన్స్ వ్యాధిలోనూ కదలికల్లో తేడా కనబడడానికి ఏళ్ల ముందే కుంగుబాటు మొదలుకావచ్చు. జబ్బు ఉందని ఇంకా తెలియని మనిషి దాన్ని తలచుకుని కుంగిపోయాడనడం కుదరదు కదా! కదలికలను నియంత్రించే మెదడు లోతట్టు భాగాలకు, ఉత్సాహాన్నీ భావోద్వేగాలనూ నడిపే భాగాలతో దగ్గరి సంబంధం ఉంది. అక్కడి కణాలు దెబ్బతింటే, డోపమిన్, సెరొటోనిన్ వంటి రసాయనాలు తగ్గితే, మనసు కూడా దెబ్బతింటుంది. అందుకే అలాంటి వ్యక్తిని ధైర్యం లేనివాడనడం అన్యాయం.

విల్సన్ వ్యాధి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. శరీరంలోని రాగి బయటికి పోక కాలేయంలోనూ మెదడులోనూ పేరుకుపోవడం వల్ల ఇది వస్తుంది. తల్లిదండ్రులిద్దరూ ఆరోగ్యంగానే ఉన్నా బిడ్డకు రావచ్చు. కొందరు యువకుల్లో స్వభావం మారడం, కుంగుబాటే తొలి లక్షణాలు. దిగులుతో పాటు చేతులు వణకడం, మాట ముద్దగా రావడం, కామెర్లు కనబడితే, రక్తంలో రాగిని మోసే సెరులోప్లాస్మిన్ అనే ప్రొటీన్‌నూ, మూత్రంలో రాగినీ పరీక్షించాలి, కంటి పరీక్ష కూడా చేయించాలి. రాగిని బయటికి పంపే మందులు ఉన్నాయి గనుక, ఆలస్యమే ఇక్కడ పెద్ద ప్రమాదం.

హంటింగ్టన్‌ను నయం చేసే మందు లేకపోయినా, దానితో వచ్చే కుంగుబాటుకు మందులతోనూ కౌన్సెలింగ్‌తోనూ చికిత్స ఉంది. ఆ వ్యాధిలో కదలికలను తగ్గించే టెట్రాబెనజిన్ వంటి మందు దిగులును పెంచవచ్చు కాబట్టి, అది వాడుతున్నవారి మనఃస్థితిలో మార్పు కనబడితే వెంటనే వైద్యునికి తెలపాలి. చనిపోవాలన్న మాట వినబడితే మరునాటి వరకు ఆగకూడదు. దిగులుతో వైద్యుని దగ్గరికి వెళ్లినప్పుడు, వంశంలో ఎవరికైనా వణుకు, మతిమరుపు, మానసిక వ్యాధి ఉన్నాయా, ఎవరైనా ఆత్మహత్య చేసుకున్నారా అన్నది, చెప్పడానికి ఎంత కష్టమైనా, దాచకుండా చెప్పండి.