ఉప్పుగడ్డి పుప్పొడి

శ్రోతలకు నమస్కారం. సముద్రపు గాలి ఒంటికి మంచిదంటారు. అయితే ఒడ్డుకు వెళ్ళగానే తుమ్ములు మొదలై, కళ్ళు ఎర్రబడి, ముక్కు కారేవాళ్ళూ ఉన్నారు. ఉప్పు గాలి పడలేదనుకుంటారు. ఆ గాలి మోసుకొచ్చే పుప్పొడి సంగతి తట్టదు.

అమెరికా ఖండాల తీరాల్లో, ఉప్పునీరు చేరే చిత్తడి నేలల్లో ఒక గడ్డి పెరుగుతుంది. పేరు డిస్టిక్లిస్ స్పైకేటా. ఉప్పుగడ్డి అందాం. మరో మొక్కైతే మాడిపోయే ఉప్పులో ఇది హాయిగా బతుకుతుంది. లోపలికి చేరిన ఉప్పును ఆకుల మీది గ్రంథుల ద్వారా బయటికి పంపేస్తుంది. ఆకు మీద తెల్లటి ఉప్పు పలుకులు కంటికి కనిపిస్తాయి! నేలలో దీని కాండాలు వలలా అల్లుకుని ఒడ్డు మట్టిని పట్టి ఉంచుతాయి. అందుకే ఎలర్జీ వస్తోందని దీన్ని పీకేయమంటే నేను ఒప్పుకోను.

ఈ గడ్డిలో మగ మొక్కలు వేరు, ఆడ మొక్కలు వేరు. పుప్పొడి మగ మొక్కలదే. తేనెటీగలతో పనిలేదు, భారమంతా గాలి మీదే. గాలిని నమ్ముకున్న మొక్క పుప్పొడిని విరివిగా వదలాలి. ఆడ పువ్వుకు చేరేది ఏ కొంచెమో. మిగిలిన దానిలో కొంత మన ముక్కుల్లోకి వస్తుంది.

పుప్పొడి విషం కాదు. కొందరి శరీరం అందులోని ప్రోటీన్లను శత్రువులుగా పొరబడి హిస్టమిన్ అనే రసాయనాన్ని విడుదల చేస్తుంది. దురదా, తుమ్ములూ దానివల్లే. ఈ బాధకు మూలం పుప్పొడేనని ప్రయోగాలతో చూపినవాడు ఇంగ్లండుకు చెందిన డాక్టర్ చార్లెస్ బ్లాక్లీ. తానే ఆ బాధ పడుతూ, తన మీదే పరీక్షలు చేసుకుని 1873లో పుస్తకం రాశాడు. గాలిపటాలు ఎగరేసి పైగాలిలోని పుప్పొడిని కూడా పట్టాడు.

ఇంకో ముఖ్యమైన మాట. ఉప్పుగడ్డి మన గరికకు దగ్గరి చుట్టం. చలి దేశాల తిమోతీ గడ్డికి దూరపు చుట్టం. అందువల్ల తిమోతీ పుప్పొడితో చేసిన ఎలర్జీ పరీక్షలో ఏమీ తేలకపోయినా, గడ్డి ఎలర్జీ లేదని తీర్మానించుకోకండి. తుమ్ములు ఏ నెలలో, ఏ పూట, ఎక్కడ తిరిగినప్పుడు వచ్చాయో రాసుకుని డాక్టరుకు చూపించండి. గరిక జాతి గడ్డితో కూడా పరీక్ష చేస్తారా అని అడగండి. పిల్లికూతలు, ఆయాసం ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా వెంటనే వెళ్ళండి. నమస్కారం.