వంత ఎటు పోయింది?

అందరికీ నమస్కారం. "కొత్త పాటలు వినిపించండి, మధ్యలో రాజకీయాల మీద నాలుగు మాటలు చెప్పండి" అని నన్ను పిలిచారు. మూడు పాటలు తెచ్చాను. నాలుగు మాటలు మాత్రం నలభై అయ్యేలా ఉన్నాయి, ముందే చెప్పేస్తున్నాను. మొదటి పాట బతుకమ్మ నడకలో కట్టింది. "ఉయ్యాలో" నేను అనను, మీరే అందుకోవాలి.

పథకమొచ్చెనంట ఉయ్యాలో
జాబితొచ్చెనంట ఉయ్యాలో
జాబితంత వెతికి ఉయ్యాలో
మా పేరు లేదంట ఉయ్యాలో
పేరు లేనివాళ్లం ఉయ్యాలో
ఎవరి జనమమ్మ ఉయ్యాలో

బాగా అందుకున్నారు. వెనక వరుసలో అమ్మలు నాకంటే శ్రుతిలో ఉన్నారు.

ఆ చివరి చరణమే ఈరోజు నా విషయం. జనం పేరు చెప్పని రాజకీయం ఎక్కడా ఉండదు. అందులో తప్పూ లేదు. తేడా ఎక్కడ వస్తుందో జర్మనీకి చెందిన యాన్ వెర్నర్ ముల్లర్ అనే రాజనీతి పండితుడు 2016లో పాపులిజం (జనాకర్షక రాజకీయం) మీద రాసిన చిన్న పుస్తకంలో విడమరిచాడు. పెద్దవాళ్లను, డబ్బున్నవాళ్లను తిట్టినంత మాత్రాన ఎవరూ పాపులిస్టు అయిపోరంటాడు. "అసలైన జనం తరఫున మాట్లాడేది మేము ఒక్కళ్లమే" అన్నప్పుడు అవుతారట. అంటే నాతో లేనివాడు జనంలో మనిషే కాదన్నమాట. వాడు దొంగ, ద్రోహి, ఎవరికో అమ్ముడుపోయినవాడు. నన్ను ఓడిస్తే జనం ఓడించినట్టు కాదు, ఎవరో కుట్ర చేసినట్టు.

మన దగ్గర పాపులిజం మాట ఎత్తగానే ఉచిత బస్సు, పింఛను, బియ్యం గుర్తొస్తాయి. నా గొడవ వాటితో కాదు. ఎన్టీఆర్ 1982 మార్చి 29న పార్టీ పెట్టి, 1983 జనవరికల్లా ముఖ్యమంత్రి అయ్యారు. రెండు రూపాయలకు కిలో బియ్యం ఇచ్చారు. ఆ బియ్యంతో పొయ్యి వెలిగించుకున్న ఇళ్లకు అది అన్నం, అంతే. ఏసీ గదుల్లో కూర్చుని "ఉచితాలతో దేశం పాడైపోతోంది" అని ముక్కు విరిచేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. నా అభ్యంతరం ఎన్నికల ప్రచార పాటలో ఆ బియ్యం ఎవరి చేతి మీదుగా వస్తుందన్న దగ్గర ఉంది. ఖజానా నుంచి వచ్చింది పాటలోకి వచ్చేసరికి అన్న జేబులోంచి వస్తుంది. పన్ను కట్టినవాళ్లు, చట్టం చేసిన సభ, పంచిపెట్టిన ఉద్యోగి, ఎవరూ పాటలో ఉండరు.

ఇక మా దుకాణం లోపలి సంగతి చెబుతాను. ఎన్నికల సీజన్‌లో రికార్డింగ్ స్టూడియోలకు రాత్రీ పగలూ తేడా ఉండదు. అభ్యర్థి మనిషి వాట్సాప్‌లో పథకాల లిస్టు పట్టుకొని వస్తాడు. "మూడు నిమిషాల్లో అన్నీ పట్టాలి సార్" అంటాడు. పింఛనుకో చరణం, రోడ్లకో చరణం, మిగతావన్నీ కలిపి ఇంకో చరణం. ప్రచార ఆటో మీద ఉండే గొట్టం మైకులో బేస్ పలకదు. అందుకని డప్పు, తాళాలు, శన్నాయి లాంటి గట్టి శబ్దాలే వాడతాం. దరువు ముందే కంప్యూటర్‌లో సిద్ధంగా ఉంటుంది. పల్లవిలో పేరు కోసం కొంత ఖాళీ వదులుతాం. పేరు చిన్నదైతే సాగదీస్తాం, పెద్దదైతే సగానికి కోస్తాం, చివర "అన్న" తగిలిస్తాం. ఆ "అన్న" ఉంటే తెలుగులో ఏ పేరైనా ఏ తాళంలోనైనా ఇమిడిపోతుంది. అందుకే ఒక ట్రాక్ ఇద్దరు ముగ్గురు అభ్యర్థులకు సరిపోతుంది. వాళ్లు వేర్వేరు పార్టీలవాళ్లయినా ట్రాక్‌కు ఇబ్బంది లేదు. నేనూ ఇలాంటివి చేశాను, డబ్బు తీసుకున్నాను. పెళ్లిలో బ్యాండు వాయించినవాణ్ణి పెళ్లికొడుకు గుణం అడగరు కదా.

కోరస్ సంగతి వినండి. కోరస్‌కు రాసే పనే ఉండదు. అదే పేరు, ఒక "జై", ఒక "ఓహో". నలుగురు పాడతారు. ఆ నలుగురి చేత మళ్లీ మళ్లీ పాడించి, ఒకదాని మీద ఒకటి పేర్చి, కొంచెం ఎకో కలిపితే మైదానం నిండా జనం ఉన్నట్టు వినిపిస్తుంది. మీరు వీధిలో వినే ఆ వేలమంది జనం నలుగురే. వాళ్లలో ఒకడికి జలుబు కూడా చేసి ఉంటుంది.

రెండో పాటకు ఆ ట్రాకే వాడాను. అదే డప్పు, అదే ఊపు. పేరు పడాల్సిన చోట మాత్రం ఏమీ పెట్టలేదు, ఖాళీ వదిలేశాను. వినండి.

చూశారా, మొదటిసారి ఖాళీ రాగానే మీలో కొందరు పేర్లు అందించేశారు. ఒక్క పేరు కాదు, నాకు మూడు వినిపించాయి. నవ్వులు కూడా వినిపించాయి. ఊపు అలాంటిది. ఒళ్లు ముందు ఒప్పుకుంటుంది, బుర్ర తర్వాత వస్తుంది. ఇది మనవాళ్ల బలహీనత ఏమీ కాదు. అర్జెంటీనాలో పెరోన్ అనే నాయకుడి పార్టీకి ఒక మార్చ్ పాట ఉంది. 1949లో హ్యూగో దెల్ కార్రిల్ అనే టాంగో గాయకుడు దాన్ని రికార్డు చేశాడు. పల్లవి మొత్తం పెరోన్ పేరు, నువ్వెంత గొప్పవాడివన్న పొగడ్త. 1955లో సైన్యం పెరోన్‌ను దించేసింది. మరుసటి ఏడాది ఏకంగా ఒక శాసనం తెచ్చి ఆ పాటను, ఆఖరికి ఆయన పేరును బహిరంగంగా పలకడాన్ని కూడా నిషేధించింది. పాట చావలేదు. ఇవాళ్టికీ అక్కడి సభల్లో పాడుతూనే ఉన్నారు. నిషేధంతో ఆ పాటకు దానిలో లేని గౌరవం కూడా వచ్చిందని నా అభిప్రాయం. అమెరికాలో లూసియానా నాయకుడు హ్యూయీ లాంగ్ ఇంకో అడుగు ముందుకు వేశాడు. ప్రతి మనిషీ రాజే అని తన పాటను తనే రాసుకున్నాడు, ఇంకొకరి చేత బాణీ కట్టించుకున్నాడు. మా స్టూడియోకు వచ్చే అభ్యర్థులకు ఈ విషయం తెలియకపోవడమే నాకు మంచిది.

అయితే పాట వినిపించినంత మాత్రాన జనం పడిపోతారని అనుకోకండి. 2023 తెలంగాణ ఎన్నికల్లో బీఆర్‌ఎస్ ప్రచార పాట "గులాబీల జెండలే రామక్క" ఎంత ఊపు ఊపిందో మీకు నేను చెప్పాలా? పెళ్లి బరాత్‌లో అదే, డీజేలో అదే. ఆ పార్టీ అంటే గిట్టనివాళ్లు కూడా స్టెప్పులేశారు. డిసెంబరు 3న లెక్క తేలితే 119 సీట్లలో కాంగ్రెస్‌కు 64, బీఆర్‌ఎస్‌కు 39. పాట గెలిచింది, పార్టీ ఓడింది. "పాటలు ఓట్లు తేవు" అని దీన్ని చూపించి తేల్చేస్తారు కొందరు. నాకు ఇంకోటి కనిపించింది. ఆ పాట నడక ఆడవాళ్లు పనిపాటల్లో ఒకరు అంటే ఇంకొకరు అందుకునే నడక. పిలిచేది నాయకుణ్ణి కాదు, పక్కనున్న అక్కను. అందుకే జనం దాన్ని తమ పాటగా తీసుకున్నారు, జెండా రంగును పక్కన పెట్టి ఆడుకున్నారు, ఓటు తమకు నచ్చినట్టు వేసుకున్నారు. ఆ మూడు పనులూ ఒకే మనుషులు చేశారు. వీళ్లను గొర్రెలు అనేవాళ్లకు ఇంకేం చెప్పాలి?

ఈ "అంటే అందుకునే" సంగతి దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే నేను పాటలు కట్టేది దీనికోసమే. బుర్రకథ చూసినవాళ్లు ఇక్కడ చాలామందే ఉంటారు. ముగ్గురుంటారు. నడుమ తంబూరాతో కథకుడు, చెరో పక్క డక్కీలు వాయిస్తూ వంత పాడేవాళ్లు, వాళ్లనే వంతలు అంటారు. ఆ ఇద్దరిలో ఒకరిది హాస్యం, ఇంకొకరిది రాజకీయం. ఆ వంతను రాజకీయం అనే పిలుస్తారు, నేను కల్పించలేదు. కథకుడు బొబ్బిలి యుద్ధం చెబుతుంటే ఆ వంత మధ్యలో దూరి "అట్లాగా, మరి మన ఊళ్లో కరణం చేసేదేమిటి?" అన్నట్టు ఇవాళ్టి సంగతి లాక్కొస్తాడు. కథకుడు జవాబు చెప్పాలి, చెప్పకపోతే కథ ముందుకు సాగదు. అప్పుడుగానీ ఇద్దరూ కలిసి "తందాన తాన" అనరు. 1943లో పుట్టిన కమ్యూనిస్టుల కళాసంస్థ ప్రజానాట్యమండలి ఈ రూపాన్ని ఊరూరా తిప్పింది. దాంట్లో పెద్ద పేరు షేక్ నాజర్‌ది. అటు బ్రిటిష్‌వాళ్లూ ఇటు నిజామూ బుర్రకథను నిషేధించారు. ఆ నాజర్‌కే స్వతంత్ర భారత ప్రభుత్వం 1986లో పద్మశ్రీ ఇచ్చింది.

తానా అంటే తందానా అనేవాణ్ణి మనం ఎగతాళి చేస్తాం. పాపం, బుర్రకథలో వంతకు ఆ ఎగతాళి చెల్లదు. తందానా అనేముందు అతను అడగాల్సింది అడుగుతాడు. ఇప్పటి ప్రచార పాట చేసిందేమిటంటే, తందానాను ఉంచుకుంది, రాజకీయం చెప్పే వంతను ఇంటికి పంపేసింది. నాయకుడు పొగడ్త అందుకోవడం కొత్తేమీ కాదు, రాజుల కాలం నుంచీ ఉంది. జనం గొంతుతో, జనం దరువుతో, జనానికి అడిగే చోటు మాత్రం లేకుండా పాట కట్టడం కొత్త.

పాత ఉద్యమ పాటలన్నీ పవిత్రమని నేననను. జోహార్ దాటి ఒక్క మాట కూడా లేని పాటలు ఎర్రజెండా కింద కూడా బోలెడు వచ్చాయి. బుర్రకథలో వంత అడిగే ప్రశ్న కూడా చాలాసార్లు ముందే రాసుకున్నదే. అయినా ఆ చోటు ఉండేది. సాయుధ పోరాట కాలంలో బండి యాదగిరి కట్టిన "బండెనక బండి కట్టి" చూడండి. తర్వాత వచ్చిన "మా భూమి" సినిమాలో గద్దర్ గొంతుతో అది ఇంటింటికీ చేరింది. అందులో పాలకుడు ఎదురుగా నిలబడి ఉంటాడు, పాట అతన్ని నిలదీస్తుంది. మా స్టూడియో పాటల్లో పాలకుణ్ణి ఎవరూ ఏమీ అడగరు, అతని గురించి మనకు చెబుతారు. వ్యాకరణంలో అయితే మధ్యమ పురుష పోయి ప్రథమ పురుష వచ్చిందనొచ్చు.

తెలంగాణ వచ్చాక సాంస్కృతిక సారథి అనే ప్రభుత్వ సంస్థ పెట్టి వందలమంది ఉద్యమ కళాకారులకు ప్రభుత్వ జీతం ఇచ్చారు. కళాకారుడి ఇంట్లో ఒకటో తారీఖున జీతం పడితే సంతోషించేవాళ్లలో నేను మొదటివాణ్ణి. మా నాన్న తరం డప్పు కళాకారులు చాలామంది మందులకు డబ్బుల్లేక పోయారు. కానీ ఆ జీతంతోపాటు ఏం పాడాలో కూడా ఆఫీసు నుంచే వచ్చింది. పథకాల ప్రచారం ఉద్యోగమైంది. అడిగే వంతకు మాత్రం అందులో పోస్టు లేదు. "జయ జయహే తెలంగాణ" సంగతి కూడా తెలుసు కదా. ఉద్యమమంతా పాడుకున్న పాట రాష్ట్రగీతం కావడానికి 2024 దాకా ఆగాల్సి వచ్చింది. అప్పుడు కూడా స్వరపరిచిన కీరవాణి ఏ ప్రాంతంవాడన్న దాని మీదే పెద్ద రచ్చ. రాగం ఎలా ఉందని మాట్లాడినవాళ్లు తక్కువ. ఎవరి జనమమ్మా అన్న ప్రశ్న సంగీత దర్శకుడిని కూడా వదల్లేదు.

సరే, మూడోది. ఇది ఏడెనిమిది నిమిషాల చిన్న బుర్రకథ. ఒక రాజు తన రాజ్యంలో జనం ఎంతమందో లెక్క పెట్టమంటాడు. మంత్రి తెలివైనవాడు, జై కొట్టినవాళ్లనే లెక్కలో రాస్తాడు. రాజు సంతోషిస్తాడు, అందరూ నావాళ్లేనని చాటింపు వేయిస్తాడు. బాగానే ఉంటుంది, శిస్తు వసూలు చేసేదాకా. అప్పుడు చూస్తే ఖజానా నిండదు. మంత్రి గబగబా పరుగెత్తి మిగతావాళ్లను కూడా జనంలో కలిపేస్తాడు. ఆ తర్వాత ఏమైందో కథలో వింటారు.

హాస్యం మా తమ్ముడు చెబుతాడు. రాజకీయం చెప్పే వంతకు నేనేమీ రాయలేదు. మీలో ఒకరు వచ్చి పక్కన నిలబడాలి, కథ ఎక్కడ నచ్చకపోతే అక్కడ ఆపి అడగాలి. నేను జవాబు చెప్పేదాకా తందానా అనొద్దు. కిందటిసారి ఒక పెద్దాయన రాజును వదిలేసి నన్ను పట్టుకున్నాడు. "ప్రచార పాటకు ఎంత తీసుకుంటావు నాయనా, బిల్లిస్తావా?" అన్నాడు. ఎంతో చెప్పాను. బిల్లు గురించి అడిగినప్పుడు మాత్రం హాస్యం వంత నన్ను కాపాడాడు.

ఎవరొస్తారు? మీరా అక్కా? రండి, రండి. డక్కీ పట్టుకోవడం రాకపోయినా ఫరవాలేదు. ఆ రెండో మైకు అక్కకివ్వండి, నా దానికంటే కొంచెం సౌండు పెంచండి.