బంతుల లెక్క ఇంట్లో ఉండాలి

అందరికీ నమస్కారం. స్ప్రింగ్ సీజన్ రిజిస్ట్రేషన్లు మొదలయ్యాయి. టెక్సాస్‌లో మన తెలుగు పిల్లలు ఇంతమంది బేస్‌బాల్, సాఫ్ట్‌బాల్ ఆడుతున్నందుకు నాకు చాలా సంతోషం. ఆట మొదలయ్యేలోపే తల్లిదండ్రులతో కొన్ని విషయాలు మాట్లాడాలనిపించింది.

మనలో చాలామంది క్రికెట్ చూస్తూ పెరిగినవాళ్లం. ఈ ఆట రూల్స్ పిల్లల దగ్గరే నేర్చుకున్నాం. అందుకే గ్రౌండ్‌లో కోచ్ ఏం చేసినా ఆయనకే తెలుసులే అని ఊరుకుంటాం. కోచ్‌లు మంచివాళ్లే. లిటిల్ లీగ్ (పిల్లల బేస్‌బాల్, సాఫ్ట్‌బాల్ నడిపే సంస్థ) లాంటి చోట వాళ్లూ ఆఫీసు ముగించుకుని వచ్చే వాలంటీర్లే. కానీ మీ పిల్లాడు వారం మొత్తంలో ఎన్ని బంతులు విసిరాడో ఏ ఒక్క కోచ్‌కీ తెలియదు. ఆ లెక్క పెట్టగలిగేది ఇంట్లోవాళ్లే.

బేస్‌బాల్‌లో పిచ్చర్ (బౌలర్‌లా బంతి వేసేవాడు) ఎంత వేయొచ్చో చెప్పడానికి లిటిల్ లీగ్ 2007లో ఇన్నింగ్స్ లెక్క మానేసి పిచ్‌ల (వేసిన బంతుల) లెక్క తెచ్చింది. ముగ్గురు అవుటైతే ముగిసే ఒక ఇన్నింగ్స్ ఎనిమిది బంతుల్లో అయిపోవచ్చు, ముప్పై దాటొచ్చు. చేతికి తెలిసేది బంతులే. తొమ్మిది, పదేళ్ల పిల్లలు రోజుకి 75, పదకొండు, పన్నెండేళ్లవాళ్లు 85 మించి వేయకూడదు. 66 గానీ అంతకు మించి గానీ వేస్తే నాలుగు రోజుల విశ్రాంతి. 36 నుంచి 50 లోపు వేసినా రెండు రోజులు ఆగాలి. 41 గానీ అంతకు మించి గానీ బంతులు వేసిన పిచ్చర్ ఆ రోజు క్యాచర్‌గా (వికెట్‌కీపర్‌లా బంతి పట్టేవాడిగా) కూర్చోకూడదు, ఎందుకంటే క్యాచర్ కూడా ప్రతి బంతినీ తిరిగి విసురుతూనే ఉంటాడు.

రూల్స్ బాగానే ఉన్నాయి. చిక్కల్లా ఇక్కడ వస్తుంది. మంగళవారం లీగ్ మ్యాచ్‌లో పిల్లాడు 50 బంతులు వేశాడు. గురువారం ప్రైవేట్ కోచింగ్‌లో ఇంకో 40. శనివారం ట్రావెల్ టీమ్ (ఊళ్లు తిరిగి ఆడే వేరే జట్టు) టోర్నమెంట్. అక్కడ కోచ్ వేరు, కొన్ని టోర్నమెంట్లలో లెక్క కూడా ఇన్నింగ్స్‌తోనే. ముగ్గురి పుస్తకాల్లోనూ అంతా సరిగ్గానే ఉంటుంది. పిల్లాడి మోచెయ్యి మాత్రం ఒక్కటే. ఫోన్‌లో ఒక నోట్ తెరిచి తేదీ, బంతులు రాసుకోండి. శనివారం పొద్దున కోచ్‌కి అది చూపించి, “ఈరోజు మావాడు పిచ్ చేయడండీ, ఫీల్డింగ్ చేస్తాడు” అని చెప్పండి. మొహమాటపడకండి. కోచ్ ఏమనుకుంటాడో అన్న టెన్షన్ వల్లే మనం వెనకాడుతున్నాం.

పెద్దవాళ్లకి మోచేతిలో లిగమెంట్ (ఎముకల్ని కలిపి ఉంచే పట్టీ) దెబ్బతింటుంది. 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ టామీ జాన్ అనే పిచ్చర్‌కి చేసిన ఆపరేషన్ దానికోసమే. ఎదిగే పిల్లల్లో లిగమెంట్ కంటే ఎముక చివర ఉండే గ్రోత్ ప్లేట్ (ఎముక పెరిగే మెత్తని భాగం) బలహీనం. ముందు అది దెబ్బతింటుంది. అలబామాలోని పరిశోధకులు 9 నుంచి 14 ఏళ్ల పిచ్చర్లను పదేళ్లపాటు గమనించారు. ఏడాదిలో 100 ఇన్నింగ్స్ దాటి వేసినవాళ్లకి తీవ్రమైన గాయం ముప్పు మూడున్నర రెట్లు ఎక్కువని 2011లో ప్రచురించారు. అంతకుముందు 2006లో వచ్చిన అధ్యయనం నన్ను ఇంకా భయపెట్టింది. ఆపరేషన్ దాకా వెళ్లిన కుర్రాళ్లను గాయాలు లేనివాళ్లతో పోల్చారు. చెయ్యి అలసిపోయినా తరచూ వేసినవాళ్లకి ఆపరేషన్ ముప్పు 36 రెట్లు కనిపించింది.

“నొప్పిగా ఉందా” అని అడిగితే ఏ పిల్లాడూ అవునని చెప్పడు, మ్యాచ్ నుంచి తీసేస్తారని భయం. మీరే చూడాలి. బంతులు పైపైకి పోతున్నాయా, మోచెయ్యి కిందికి జారుతోందా, మధ్యమధ్యలో చెయ్యి విదిలిస్తున్నాడా, మర్నాడు స్కూల్ బ్యాగు రెండో భుజానికి మార్చాడా. మన దగ్గర చలి తక్కువ కాబట్టి ఏడాదంతా ఆడిస్తారు. అయినా ఏడాదికి నాలుగు నెలలు విసరడం పూర్తిగా ఆపాలని వైద్యులు చెబుతున్నారు. ఆ నెలల్లో సాకర్ ఆడనివ్వండి.

సాఫ్ట్‌బాల్ ఆడే అమ్మాయిల తల్లిదండ్రులు ఇదంతా మాకు కాదులే అనుకోవద్దు. చెయ్యి కిందనుంచి తిప్పి వేస్తే నొప్పి రాదన్నది నిజం కాదు, భుజం ముందు భాగం మీద భారం బాగా పడుతుంది. లిటిల్ లీగ్ సాఫ్ట్‌బాల్‌లో పరిమితి ఇన్నింగ్స్ మీదే కాబట్టి బంతులు మీరే లెక్కపెట్టండి. పదకొండు, పన్నెండేళ్లవాళ్లు పిచ్ చేసేది 40 అడుగుల నుంచి. కొట్టిన బంతి తిరిగి ముఖం మీదికి వస్తే తప్పుకునే సమయం ఉండదు. ఫేస్ మాస్క్ కొనండి.

ఇంకో మాట. చెప్పడానికి ఇబ్బందిగా ఉన్నా చెప్పాల్సిందే. ప్రమాదం ఒక్కోసారి బంతి వల్ల కాదు, మనిషి వల్ల వస్తుంది. 2018 ఫిబ్రవరిలో వచ్చిన సేఫ్ స్పోర్ట్ చట్టం కింద, పిల్లల మీద అఘాయిత్యం జరిగిందని అనుమానం వస్తే క్రీడా సంస్థల్లో పిల్లలతో పనిచేసే పెద్దలు 24 గంటల్లో అధికారులకు తెలియజేయాలి. లీగ్‌లో వాలంటీర్లందరి బ్యాక్‌గ్రౌండ్ చెక్ పూర్తయిందా అని అడగండి. అది మీ హక్కు. ప్రైవేట్ కోచింగ్ నలుగురికీ కనిపించే చోటే జరగాలి. కోచ్ పంపే మెసేజ్‌ల్లో మీరూ ఉండాలి. తెలిసినాయనే కదా అని పిల్లను ఒక్కదాన్నే కారులో పంపకండి. పిల్ల ఏదైనా చెప్తే ముందు నమ్మండి. పరువు సంగతి ఎత్తకండి.

ఉరుము వినిపిస్తే ఆట ఆపి బిల్డింగ్‌లోకో కారులోకో వెళ్లాలి. డగౌట్ (ఆటగాళ్లు కూర్చునే షెడ్డు) రక్షణ కాదు. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగాలి.

ఛాతీకి సరిగ్గా ఒక క్షణంలో బంతి తగిలితే, ఏ జబ్బూ లేని పిల్లాడి గుండె కూడా లయ తప్పి ఆగిపోవచ్చు. అరుదే. కానీ పిల్లల పక్కటెముకలు మెత్తగా ఉంటాయి కాబట్టి వాళ్లకే ఈ ప్రమాదం ఎక్కువ. అప్పుడు వెంటనే 911కి ఫోన్ చేసి, సీపీఆర్ (ఛాతీని లయగా నొక్కడం) మొదలుపెట్టి, ఏఈడీ (గుండెకు షాక్ ఇచ్చే మెషీన్) తెప్పించాలి. ఆలస్యమయ్యే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం తగ్గిపోతుంది. ఆ మెషీన్ ఏం చేయాలో తానే మాట్లాడి చెబుతుంది, మీకు వైద్యం చదువు అక్కర్లేదు. మీ గ్రౌండ్‌లో అది ఎక్కడ ఉందో, తాళం ఎవరి దగ్గర ఉందో మొదటి ప్రాక్టీస్ రోజే కనుక్కోండి.

వెనక టేబుల్ దగ్గర నర్సుగా పనిచేసే ఒక చెల్లెమ్మ సీపీఆర్ బొమ్మ తెచ్చారు. భోజనానికి వెళ్లేముందు అందరూ ఒకసారి చేసి చూడండి. పన్నెండేళ్లు దాటిన పిల్లల్ని కూడా పిలవండి.