కాలేజీ ఫుట్‌బాల్‌లో జీతాలొచ్చాయి, మరి స్కూలు కుర్రాళ్ల సంగతేంటి?

శ్రోతలందరికీ నమస్కారం.

మన దగ్గర పదో తరగతి పరీక్షలు పూర్తి కాకముందే కార్పొరేట్ కాలేజీల పీఆర్వోలు ఇళ్ల చుట్టూ తిరుగుతుంటారు కదా. బాగా చదివే పిల్లాడుంటే మరీను. ఫీజు వద్దు, హాస్టల్ ఫ్రీ, మా దగ్గర చేర్పిస్తే చాలండీ అంటారు. తీరా వాడికి ర్యాంకొస్తే ఊరంతా ఫ్లెక్సీల మీద వాడి ఫోటోనే, ఆ ఫోటో చూసి వేలమంది ఫీజులు కడతారు, ఫోటోలో ఉన్నవాడికి మాత్రం దక్కేది ఆ ఫీజు రాయితీ ఒక్కటే. అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్ కూడా దశాబ్దాల పాటు అచ్చం ఇలాగే నడిచింది.

ఇది హెల్మెట్లు పెట్టుకుని ఒకరినొకరు గుద్దుకునే అమెరికన్ ఫుట్‌బాల్. కాలేజీ ఆటే కదా అని తేలిగ్గా తీసుకోకండి. మిషిగన్ యూనివర్సిటీ స్టేడియంలో లక్షా ఏడు వేల మంది పడతారు. పేరున్న కోచ్‌ల జీతం ఏడాదికి కోటి డాలర్లు దాటింది. ఆడే కుర్రాడికి మాత్రం స్కాలర్‌షిప్, తిండి, గది. అంతకు మించి తీసుకుంటే నిబంధన తప్పినట్టే.

అలాగని డబ్బు చేతులు మారలేదా అంటే, ఎందుకు మారలేదు! డల్లాస్‌లోని సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీలో ఆటగాళ్లకు దాతల సొమ్ము రహస్యంగా ముడుతోందని బయటపడితే, కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ వాళ్ల 1987 సీజన్ మొత్తాన్నీ రద్దు చేసింది. ఆ దెబ్బ నుంచి కోలుకోవడానికి ఆ జట్టుకు దశాబ్దాలు పట్టింది. అంటే కొత్తగా వచ్చింది డబ్బు కాదు, డబ్బు గురించి బాహాటంగా మాట్లాడుకునే వీలు.

2021 జూన్‌లో ఆటగాళ్లు వేసిన ఆల్‌స్టన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీలూ ఒక్క మాట మీద ఎన్‌సీఏఏకి వ్యతిరేకంగా తీర్పిచ్చారు. ఆ తీర్పు చదువుకు సంబంధించిన ఖర్చుల వరకే, కానీ గాలి ఎటు వీస్తోందో అందరికీ అర్థమైపోయింది. జులై 1 నుంచి ఆటగాళ్లు తమ పేరునూ ఫోటోనూ అమ్ముకోవచ్చన్నారు. దీన్నే ఎన్‌ఐఎల్, అంటే నేమ్, ఇమేజ్, లైక్‌నెస్ అంటారు.

ఆ వెంటనే ఏమైందో చూడండి. డల్లాస్ దగ్గర సౌత్‌లేక్ అనే ఊరుంది, ఆ చుట్టుపక్కల మన తెలుగువాళ్లు బోలెడంతమంది ఉంటారు. అక్కడి స్కూల్లో క్విన్ యూయర్స్ అని దేశంలోనే పేరున్న క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసురుతూ జట్టు ఆటను నడిపించేవాడు. స్కూలు పిల్లలు ఇలా సంపాదించకూడదని అప్పటి టెక్సస్ చట్టం. దాంతో అతను స్కూల్లో చివరి ఏడాది వదిలేసుకుని, ముందే ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో చేరిపోయాడు. ఆటోగ్రాఫుల ఒప్పందమే 14 లక్షల డాలర్లని వార్తలొచ్చాయి. ఆ సీజన్ మొత్తం మీద మైదానంలోకి దిగింది ఎన్ని స్నాప్‌లకో, అంటే బంతి ఎన్నిసార్లు ఆటలోకి వచ్చినప్పుడో తెలుసా? రెండు. ఒక్క పాస్ కూడా విసరలేదు. డిసెంబర్ కల్లా టెక్సస్ యూనివర్సిటీకి మారిపోయాడు. అతన్ని తప్పుపట్టను, బేరం ఉన్నప్పుడే అమ్ముకున్నాడు.

అలా మారడం కూడా ఆ ఏడాదే సులువైంది. అంతకుముందు ఒక కాలేజీ నుంచి ఇంకో కాలేజీకి వెళ్తే ఏడాదిపాటు ఆడకుండా కూర్చోవాలి. ఆ నిబంధనను 2021లో మొదటిసారి మారేవాళ్లకు ఎత్తేశారు, 2024 నాటికి ఎన్నిసార్లు మారినా అడిగేవాడు లేడు. మారాలనుకున్నవాళ్లు పేరు నమోదు చేసుకునే జాబితాను ట్రాన్స్‌ఫర్ పోర్టల్ అంటారు. నా మటుకు నాకు జీతాల కన్నా ఈ పోర్టలే ఆటను ఎక్కువ మార్చిందనిపిస్తుంది. రెండూ కలిశాక ఇక చెప్పేదేముంది.

2025 జులై నుంచి యూనివర్సిటీలే నేరుగా ఆటగాళ్లకు డబ్బిస్తున్నాయి. ఆటగాళ్లు ఎన్‌సీఏఏ మీద వేసిన హౌస్ కేసులో కుదిరిన రాజీ ప్రకారం మొదటి ఏడాదికి ఒక్కో యూనివర్సిటీ అన్ని ఆటలకూ కలిపి 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా ఇవ్వచ్చు. పెద్ద జట్లున్న చోట సింహభాగం ఫుట్‌బాల్‌దే. పరిమితి ఉందంటే బడ్జెట్ ఉన్నట్టు, బడ్జెట్ ఉందంటే లెక్క చూసేవాడొకడు కావాలి. అందుకే ఇప్పుడు కాలేజీ జట్లకు జనరల్ మేనేజర్లు వచ్చారు. స్టాన్‌ఫర్డ్‌లో ఆ పని చేస్తున్నది ఒకప్పటి స్టార్ ఆటగాడు ఆండ్రూ లక్. కోచ్ ఇంటికొచ్చి, సోఫాలో కూర్చుని, మీ అబ్బాయిని నా కొడుకులా చూసుకుంటానమ్మా అని తల్లికి మాటిచ్చే రోజులు పూర్తిగా పోలేదుగానీ, ఆ మాట వెనకాలే ఏజెంట్ ఫోనొస్తుంది.

ఇక్కడే అసలు తిరకాసు. పదిహేడేళ్ల బ్రైస్ అండర్‌వుడ్ లూసియానా స్టేట్‌కి ఇచ్చిన మాట వెనక్కి తీసుకుని మిషిగన్‌కి వెళ్లాడని, కోటి డాలర్ల పైమాటేనని 2024 నవంబర్‌లో వార్తలొస్తే, స్కూలు పిల్లలందరికీ పంట పండిందనుకున్నారు జనం. పండింది పైనున్న కొద్దిమందికే. మేనేజర్ వైపు నుంచి ఆలోచించండి: స్కూలు కుర్రాడు కండపట్టి ఆటలో కుదురుకోవడానికి రెండు మూడేళ్లు పడుతుంది, తీరా తయారయ్యాక పోర్టల్ పట్టుకుని ఎటైనా పోవచ్చు, అదే డబ్బుతో వేరే కాలేజీలో రెండేళ్లు ఆడి చూపించిన ఇరవై రెండేళ్లవాణ్ణి తెచ్చుకోవచ్చు. ఎవరైనా ఎవర్ని ఎంచుకుంటారు?

ఫెర్నాండో మెండోసానే తీసుకోండి. పెద్ద కాలేజీలు స్కూల్లో అతన్ని పెద్దగా పట్టించుకోలేదు. కాలిఫోర్నియా యూనివర్సిటీ, అంటే బర్క్‌లీ, తీసుకుని ఆడించింది. తర్వాత ఇండియానాకి మారి 2025లో కాలేజీ ఫుట్‌బాల్ ఉత్తమ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ కొట్టాడు. ఎప్పుడూ ఓడిపోయే జట్టని పేరుపడ్డ ఇండియానా జాతీయ ఛాంపియన్ అయింది. తీర్చిదిద్దినవాళ్లొకరు, ట్రోఫీ ఎత్తుకున్నవాళ్లొకరు. సొమ్మొకడిది సోకొకడిది. ఇది చూశాక బర్క్‌లీ లాంటి చోట్ల కొత్తవాళ్ల మీద ఓపిక పెట్టేదెవరు?

మన విద్యార్థులకు బాగా తెలిసిన ఇంకో కొర్రీ కూడా ఇందులో ఉంది. ఎఫ్-1 వీసా, దాని మీద ఉన్నవాళ్లు బయట సంపాదించడానికి ఆంక్షలున్నాయి. అయోవాలో టోరీ టేలర్ అనే ఆస్ట్రేలియా పంటర్, అంటే బంతిని దూరంగా తన్నే ఆటగాడి పేరు మీద టీషర్టులు అమ్ముడైతే, వీసా తిప్పలు ఎందుకని ఆ డబ్బు దానధర్మానికే పోయింది.

ఇక అందరికన్నా ఎక్కువ దెబ్బ తిన్నది వాకాన్‌లు, స్కాలర్‌షిప్ లేకుండా సొంత ఖర్చుతో జట్టులో చేరేవాళ్లు. 2017లో హైస్మన్ గెలిచిన బేకర్ మేఫీల్డ్ అలా మొదలైనవాడే. ఇంతకుముందు 85 స్కాలర్‌షిప్‌లు పోను, వాకాన్‌లు ఎంతమందైనా ఉండచ్చు. హౌస్ రాజీతో స్కాలర్‌షిప్‌ల మీద పరిమితి పోయింది, దాని బదులు జట్టులో మొత్తం 105 మందే అన్నారు. రాజీ ఖరారు కాకముందే కాలేజీలు చాలామందిని తీసేశాయి. వాళ్ల సంగతి తేల్చందే సంతకం పెట్టనని జడ్జి క్లాడియా విల్కెన్ పట్టుబట్టారు. దాంతో అలా పోయినవాళ్లను తిరిగి తీసుకున్నా 105లో లెక్కపెట్టక్కర్లేదని మినహాయింపు ఇచ్చారు. ఆ మినహాయింపు అప్పటికే జట్టులో ఉన్నవాళ్లకూ, అప్పుడు చేరబోతున్నవాళ్లకూ. ఇప్పుడు స్కూల్లో పదకొండో తరగతి చదువుతూ, డబ్బులేం వద్దు, జట్టులో చోటిస్తే చాలు అనుకునే కుర్రాడికి అది వర్తించదు.

ఈ రోజుకి ఇంతే, ఉంటానండీ.