తక్కువ బడ్జెట్‌లో నగర పార్కులు: ఏది ఆపెయ్యాలి, దేన్ని ముట్టుకోకూడదు

అందరికీ నమస్కారం.

బడ్జెట్ తగ్గిందన్న కబురు రాగానే పార్కుల విభాగంలో సాధారణంగా జరిగేది ఒకటే. ప్రతి పద్దులోనూ పది శాతం కొట్టేస్తారు. చూడ్డానికి న్యాయంగా ఉంటుంది, ఎవరూ గొడవ పెట్టుకోరు. కానీ మన పనిలో ఇంత ఖరీదైన పొదుపు మరొకటి లేదు. గడ్డి కోత పది శాతం తగ్గిస్తే గడ్డి కాస్త పెరుగుతుంది, అంతే. అదే పది శాతం కొత్తగా నాటిన చెట్ల నీళ్లలో తగ్గిస్తే, నిరుడు పెట్టిన ఖర్చంతా ఒక్క ఎండాకాలంలో మాడిపోతుంది. ఆటపరికరాల తనిఖీలో తగ్గిస్తే పిల్లల చేతులు విరుగుతాయి. కాబట్టి కోతను సమానంగా పంచకండి. కొన్ని పనులు పూర్తిగా ఆపెయ్యండి, కొన్నింటిలో ఒక్క గంట కూడా తగ్గించకండి. ఏవి ఏవన్నదే ఈ పూట విషయం.

ముందు లెక్క ఉండాలి. ఎన్ని పార్కులున్నాయో అందరూ చెబుతారు. ఎన్ని చదరపు మీటర్ల పచ్చిక, ఎన్ని ఉయ్యాలలు, ఎన్ని వాల్వులు ఉన్నాయని అడిగితే కాగితం బయటికి రాదు. ఒక్కో పనికి మూడు అంకెలు రాయండి: ఎంత ఉంది, ఒకసారి చెయ్యడానికి ఎంతసేపు పడుతుంది, ఏడాదికి ఎన్నిసార్లు చెయ్యాలి. మూడూ గుణిస్తే గంటలు వస్తాయి. వాటిని మన మనుషుల దగ్గరున్న గంటలతో పోల్చండి. ఎనిమిది గంటల డ్యూటీ అంటే ఎనిమిది గంటల పని కాదు. ప్రయాణం, పనిముట్లు ఎక్కించడం దించడం, భోజనం పోను మిగిలేది ఎంతో రెండు వారాలు రాసి చూడండి, ఆరు గంటలు తేలితే సంతోషించాలి. అవసరమైన గంటలకూ ఉన్న గంటలకూ మధ్య తేడాయే అసలు లోటు. డబ్బులో చూస్తే అది కనపడదు.

గడ్డి దగ్గర ఈ లెక్క ఎలా పనిచేస్తుందో చూద్దాం. అర మీటరు వెడల్పు కోసే యంత్రాన్ని తోసుకుంటూ గంటకు 4 కిలోమీటర్లు నడిస్తే 2,000 చదరపు మీటర్లు అవ్వాలి. మలుపులు, ఒకదానిమీద ఒకటి పడే వరసలు తీసేస్తే 1,500 అనుకోండి. మనిషి కూర్చుని నడిపే ఒకటిన్నర మీటర్ల యంత్రం గంటకు 8 కిలోమీటర్లు పోతే అదే పద్ధతిలో 9,000. అంటే ఆరు రెట్లు. అయితే ఆ పెద్ద యంత్రం కొన్న చాలాచోట్ల గంటలు తగ్గవు. ఎందుకంటే సమయాన్ని మింగేది మైదానం కాదు, దాని అంచులు. బెంచీ కాళ్లు, దీపస్తంభాలు, చెట్ల మొదళ్లు, రెండడుగుల వెడల్పు గడ్డి ముక్కలు, వీటి చుట్టూ నైలాన్ తాడు యంత్రంతో తిరగాలి. పైగా ఆ తాడు చెట్టు బెరడును చుట్టూ కోసేస్తే లోపలి పొర తెగి, లేతచెట్టు రెండు మూడు కోతల్లోనే చచ్చిపోవచ్చు. చెట్టు మొదలు చుట్టూ మీటరు వెడల్పున గడ్డి తీసేసి, 5 నుంచి 10 సెంటీమీటర్ల మందాన చెక్కముక్కలో, ఎండుటాకులో పరిస్తే కోత తప్పుతుంది, నేలలో తేమ ఆగుతుంది, చెట్టు బతుకుతుంది. కాండానికి ఆనించి గుట్ట పొయ్యకండి, బెరడు కుళ్లుతుంది.

కోసే ఎత్తు పెంచడం ఖర్చు లేని పొదుపు. ఒక కోతలో మూడోవంతుకు మించి తియ్యకూడదన్నది అందరికీ తెలిసిన సూత్రమే. 5 సెంటీమీటర్ల ఎత్తులో ఉంచాలనుకుంటే 7.5 కి చేరగానే కొయ్యాలి. 7.5 లో ఉంచితే 11 దాటేదాకా ఆగొచ్చు. రోజుకు అర సెంటీమీటరు పెరిగే గడ్డికి మొదటిది ఐదు రోజులకోసారి, రెండోది వారానికోసారి కోత. బంతాట జరిగే చోటా, జనం కూర్చునే చోటా తక్కువ ఎత్తు ఉంచండి. వాలు గట్లు, కంచె వెనక భాగం, ఎవరూ అడుగుపెట్టని మూలలు ఏడాదికి రెండుసార్లు కోస్తే చాలు. అక్కడో చిన్న కిటుకుంది: వదిలేసిన భాగానికి దారి పక్కన మీటరు వెడల్పు అంచు మాత్రం నున్నగా కోసి పెట్టండి. అంచు శుభ్రంగా ఉంటే లోపలిది కావాలని పెంచారనుకుంటారు. అంచు కూడా వదిలేస్తే నిర్లక్ష్యమంటారు, మరుసటి రోజే ఫిర్యాదు వస్తుంది.

ఏడాదికి మూడు నాలుగుసార్లు మార్చే పూలమళ్లను ప్రధాన ద్వారం దగ్గర ఒకటి ఉంచి, మిగతావి తీసేసి, పొదలు నాటండి. దీని మీద ఇంకా మాట్లాడాల్సింది లేదు.

నీళ్ల దగ్గర మాత్రం కాస్త ఆగాలి. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు నీరు అంటే ఒక లీటరు. ఎండల్లో రోజుకు 5 మిల్లీమీటర్లు ఆవిరైపోయే చోట హెక్టారు పచ్చికకు రోజుకు 50 వేల లీటర్లు పడుతుంది. ఈ అంకె ముందు పెట్టుకుంటే ఏ మైదానాన్ని ఎండాకాలంలో నిద్రపోనివ్వాలో తేల్చుకోవడం తేలిక. చాలా పచ్చిక రకాలు పచ్చదనం పోయినా వేళ్లతో బతికుండి, వానకు మళ్లీ లేస్తాయి. చెట్టుపిల్లలు లేవవు. నాటిన మొదటి రెండు మూడేళ్లు వాటి నీళ్లు ఆపకూడదు. ట్యాంకరు ఒక్కటే ఉందంటే పచ్చిక వదిలి మొక్కల దగ్గరికి పంపండి.

లీకు పట్టుకోవడానికి పరికరమేదీ అక్కర్లేదు. పార్కు మూశాక అన్ని కుళాయిలూ కట్టేసి మీటరు అంకె రాసుకోండి, తెల్లారి గేటు తెరవకముందే మళ్లీ చూడండి. అంకె కదిలిందంటే భూమిలోపల ఎక్కడో పోతోంది. వాల్వులు ఒక్కొక్కటీ మూసుకుంటూ పోతే ఏ గొట్టమో దొరుకుతుంది. ఇక స్ప్రింక్లర్లు. ఒకే సైజు డబ్బాలు ఇరవై పచ్చికలో అక్కడక్కడా పెట్టి పదిహేను నిమిషాలు నీళ్లు వదిలి కొలవండి. కొన్ని డబ్బాల్లో సగటులో సగమే పడిందనుకోండి. అక్కడ గడ్డి ఎండుతుంది, తోటమాలి దాన్ని బతికించడానికి మొత్తం లైను రెట్టింపుసేపు నడుపుతాడు, మిగతా చోటంతా నీళ్లు వృథా. తప్పు టైమరుది కాదు. మూసుకుపోయిన నాజిలో, ఒరిగిపోయిన స్ప్రింక్లరు తలో, ఒకే లైనులో కలిపేసిన రెండు రకాల నాజిళ్లో కారణం. నాజిలు విప్పి కడగడం ఐదు నిమిషాల పని.

పంపు వేగం తగ్గించే డ్రైవులు అమ్మేవాళ్లు ఒక మాట చెబుతారు: వేగం 20 శాతం తగ్గితే కరెంటు సగానికి పడుతుందని. నిజమే, శక్తి వేగానికి ఘనంలో మారుతుంది, 0.8 ఘనం అంటే 0.51. కానీ అది గొట్టాల్లో రాపిడిదే పెద్దవంతైన చోట, ఉదాహరణకు ఈతకొలను నీటిని తిప్పే పంపుకి. లోతైన బోరు నుంచి నీళ్లు పైకి ఎత్తే పంపుకి ఆ లెక్క వర్తించదు. వేగం మరీ తగ్గిస్తే నీళ్లు పైకే రావు.

ఇప్పుడు ముట్టుకోకూడని పద్దు: పిల్లల ఆటస్థలం. యూరప్ ప్రమాణం ఈఎన్ 1176 తనిఖీని మూడు అంచెలుగా చెబుతుంది. పగిలిన గాజు, విరిగిన భాగాలు చూసే మామూలు తనిఖీ, జనం ఎక్కువైన చోట రోజూ చెయ్యాలి. అరుగుదల, బోల్టులు, పట్టు చూసే తనిఖీ ఒకటి నుంచి మూడు నెలలకోసారి. పునాదులతో సహా మొత్తం చూసేది ఏడాదికోసారి. డబ్బు లేనప్పుడు మూడోది వాయిదా వేస్తారు. భూమిలో తుప్పుపట్టిన స్తంభం కనపడేది మూడోదాంట్లోనే. పైన రంగు నిగనిగలాడుతుంటుంది, నేలమట్టం కింద ఐదు సెంటీమీటర్లు తవ్వితే ఇనుము పొరలు పొరలుగా ఊడొస్తుంది.

పడిన పిల్లల్ని కాపాడేది నేల. అమెరికా వినియోగ వస్తువుల భద్రతా సంఘం మార్గదర్శకాల ప్రకారం నలిగి కుదురుకున్నాక కూడా 9 అంగుళాల చెక్కముక్కలుంటే 10 అడుగుల ఎత్తు నుంచి పడినా రక్షణ ఉంటుంది. అదే మందంలో ఇసుక 4 అడుగుల ఎత్తుకే సరిపోతుంది. ఏ పరికరం ఎంత ఎత్తుందో కొలవకుండా అన్నింటికీ ఇసుక పోయించడం మామూలు పొరపాటు. ఆ మందం కూడా అన్నిచోట్లా ఒకేలా ఉండదు. ఉయ్యాల కింద, జారుడుబల్ల దిగే చోట పిల్లల కాళ్లకు గుంట పడుతుంది, సరిగ్గా పడేది అక్కడే. స్తంభం మీద రంగుతో ఒక గీత గియ్యండి. గీత బయటపడితే పార చాలు, కొత్త లోడు అక్కర్లేదు. గుంటలో పోయాల్సింది పక్కకే చిమ్మి ఉంటుంది.

గొలుసు, కొక్కెం కలిసే చోట వేలితో తిప్పి చూడండి, అరిగేది కంటికి కనపడని లోపలి వైపు. ఎస్ ఆకారం కొక్కెం నోరు ఒక మిల్లీమీటరు తెరుచుకున్నా నొక్కి మూయించండి, బట్టలూ తాళ్లూ తగులుకునేది అందులోనే. కటకటాల సందు, నిచ్చెన మెట్ల మధ్య ఖాళీ 3.5 అంగుళాలకూ 9 అంగుళాలకూ మధ్యలో ఉండకూడదు. ఆ మధ్య కొలతలో పిల్లవాడి ఒళ్లు దూరుతుంది, తల ఇరుక్కుంటుంది. ఒక సీటు పాడైతే చుట్టూ రిబ్బను కట్టి వదిలెయ్యకండి. సాయంత్రానికల్లా రిబ్బను నేలమీద, పిల్లవాడు సీటుమీద ఉంటారు. గొలుసుతో సహా విప్పి స్టోరుకు తెచ్చెయ్యండి. బాగుచేసే డబ్బు ఎప్పటికీ రాదనుకుంటే పరికరాన్నే తీసెయ్యడం మేలు. నాలుగు బాగున్న ఉయ్యాలలు, ఎనిమిది అనుమానపు ఉయ్యాలల కన్నా నయం.

ఈతకొలనులో రోజుకో సెంటీమీటరు నీరు తగ్గుతుంటే ఎండకని సరిపెట్టుకుంటారు. 25 మీటర్ల పొడవు, 12.5 వెడల్పు కొలనులో సెంటీమీటరంటే 3 వేల లీటర్ల పైమాట, వేసిన మందుతో సహా. ఒక బకెట్‌ను మెట్టు మీద పెట్టి, కొలనులో ఉన్న మట్టానికే దానిలోనూ నీళ్లు పోసి, రెండు చోట్లా గీత గీయండి. ఆ రోజు కొత్తనీరు పెట్టకుండా 24 గంటలు ఆగి చూడండి. రెండూ సమానంగా తగ్గితే ఎండే. కొలను ఎక్కువ తగ్గితే ఆ తేడా అంతా లీకు. అలాగే క్లోరిన్ ఖర్చు పెరిగిందంటే ఎక్కువ కొనేముందు పీహెచ్, అంటే నీటి ఆమ్ల క్షార గుణాన్ని చెప్పే అంకె, చూడండి. 7.5 దగ్గర క్లోరిన్‌లో సగం చురుగ్గా పనిచేస్తుంది, 8 దగ్గర నాలుగోవంతు కూడా కాదు.

తరగతులు, శిక్షణల రుసుము విషయంలో వాదనలు ఎక్కువ, లెక్కలు తక్కువ. ఒక బ్యాచి నడపడానికి 120 యూనిట్ల డబ్బు ఖర్చయి, తలకి 8 యూనిట్లు తీసుకుంటే 15 మంది కావాలి. ఆ 15 రారని తెలిసి కూడా మొదలుపెట్టడం నిర్ణయమైతే సరే, పొరపాటు కాకూడదు. మొదలవ్వడానికి వారం ముందే సంఖ్య చూసి రద్దు చేసే తేదీ ఒకటి పెట్టుకోండి. ఎవరికి లాభమో చూసి రుసుము పెట్టాలి: ఒక్కరికే లాభమైన ప్రత్యేక శిక్షణకు పూర్తి ఖర్చు, పిల్లలకు ఈత నేర్పడంలాంటి నగరమంతటికీ మేలు చేసేదానికి నామమాత్రం. రాయితీ కావాల్సినవాళ్లను కౌంటరు దగ్గర అందరిముందూ రుజువులు అడగొద్దు. నమోదు కాగితంలోనే ఒక గడి పెడితే సరిపోతుంది, అడగడానికి సిగ్గుపడి మానేసేవాళ్లు తగ్గుతారు.

కాంట్రాక్టులో "ఏడాదికి 24 కోతలు" అని రాస్తే, గడ్డి పెరగని నెలల్లో కూడా కోసినట్టు బిల్లు వస్తుంది. "ఎత్తు ఇంతకు మించకూడదు" అని మాత్రమే రాస్తే, కొలిచే మనిషి మన దగ్గరుండాలి. ఆ మనిషి ఉద్యోగాన్ని పొదుపు పేరుతో తీసేసినవాళ్లు రెండోరకం కాంట్రాక్టు రాయకండి. స్వచ్ఛంద సేవకుల లెక్కా ఇంతే. వాళ్ల గంటలు ఉచితం, పని చూపించే మనిషి, చేతితొడుగులు, చెత్త తీసుకెళ్లే బండి ఉచితం కావు. చెత్త ఏరడం, చెక్కముక్కలు పరచడం వాళ్లతో బాగా సాగుతుంది. కొమ్మలు నరకడం, మందు కొట్టడం వాళ్లకు అప్పగించకూడదు.

ఎవరైనా ఫౌంటెన్ కట్టిస్తామని వస్తే సంతోషమే. ఒప్పుకునే ముందు ఒక కాగితం నింపించండి: ఏడాదికి కరెంటు ఎంత, వారానికి ఎన్ని గంటల పని, మోటారు ఎన్నేళ్లకు మార్చాలి, అప్పుడు డబ్బు ఎవరిది. ఆఖరి గడి ఖాళీగా ఉంటే ఆ దాతను చెట్ల నీళ్ల ట్యాంకరు వైపు మళ్లించండి.

ఇవన్నీ పట్టుకుని బడ్జెట్ సమావేశానికి వెళ్లేటప్పుడు "మాకు ఇంత కావాలి" అని అడగకండి. ప్రతి పార్కుకీ ఏ పని ఎన్నిసార్లు చేస్తామో, దానికి ఎన్ని గంటలో ఒక పేజీలో పెట్టండి. కోత తప్పదంటే, గంటల అంకె పక్కనున్న పనుల్లో ఏవి కొట్టెయ్యాలో సభ్యులనే గుర్తుపెట్టమనండి. ఆటస్థలం తనిఖీ వరసను మాత్రం ఆ పేజీలో పెట్టకుండా, విడిగా పైన, మార్చడానికి వీల్లేని ఖర్చుగా చూపించండి. సంతకాలయ్యాక ఆ పేజీ నకలు ఒక్కో పార్కు గేటు దగ్గర బోర్డు మీద అంటించండి. ఫిర్యాదు చేసేవాళ్లకు ఏ పని ఎందుకు ఆగిందో, ఎవరు ఆపమన్నారో అక్కడే తెలుస్తుంది.